బోటుకు ఎకో సౌండర్ కంటే ముందు నాలుగు నెలల ఇంటి ఖర్చు

ప్రశ్న: మాది జువ్వలదిన్నె దగ్గర ఊరు. సొంత ఫైబర్ బోటు ఉంది. డీజిల్, ఐస్, కళాసీల వాటాలు పోను వేట ఉన్న నెలల్లో సగటున 35,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 22,000. బ్యాంకులో 18,000 ఉంది. దారి చూపే జీపీఎస్ ప్లాటర్‌తో కలిసిన, నీటి లోతునూ చేపల గుంపులనూ చూపే ఎకో సౌండర్, వైర్‌లెస్ సెట్, యాంటెన్నా, మన బోటు ఎక్కడుందో చుట్టుపక్కల ఓడలకు తెలిపే ఏఐఎస్, బ్యాటరీ, వైరింగ్ అన్నీ కలిపి షాపువాళ్లు 2,50,000 చెప్పారు. నా భార్య నగలు కుదువ పెడితే 1,50,000 వస్తుంది. మిగతా లక్ష మా చేపల వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. చేపలన్నీ ఆయనకే, కిలోకు 20 రూపాయలు తగ్గించి వేయాలి. నెలకు 9,000 కట్టగలను. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నగలూ కుదువ పెట్టొద్దు, వ్యాపారి దగ్గరా తీసుకోవద్దు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా నన్ను అడిగే బోటు యజమానులు చాలామంది చేస్తున్న తప్పే ఇది. సముద్రంలో పనికొచ్చే వస్తువు కదా, దానికి అప్పు చేస్తే తప్పేముంది అనుకుంటున్నారు.

వ్యాపారి ఇచ్చే లక్ష సంగతే చూద్దాం. వడ్డీ నెలకు 3,000, ఏడాదికి 36,000. మీరు నెలకు సుమారు 500 కిలోలు వేస్తారనుకుందాం. కిలోకు 20 చొప్పున నెలకు 10,000, పది నెలల వేటకు లక్ష పోతుంది. అందులో మీ కళాసీల వాటా కూడా ఉంది, అప్పు వాళ్లు చేయకపోయినా. మొత్తం 1,36,000 పోయాక కూడా అసలు లక్ష అలాగే ఉంటుంది. దీన్ని అప్పు అని ఎలా అనాలి? బోటు మీది, వేట ఆయనది అయిపోతుంది.

సౌండర్ పెడితే వేట పెరిగి అప్పు అదే తీరుతుందని మీ ఆశ. పెరగొచ్చు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోటు ఒడ్డునే ఉంటుంది, వడ్డీ మాత్రం ఆగదు. ఆ రెండు నెలలకు మీ ఇంటికి 44,000 కావాలి. 2025లో ప్రభుత్వం ఇచ్చిన నిషేధ భృతి 20,000, సగానికి కూడా రాదు. నవంబరు, డిసెంబరుల్లో తుఫాను హెచ్చరికలొస్తే వేట మళ్లీ ఆగుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు పడ్డ టెన్షన్ మీకు గుర్తుండే ఉంటుంది.

మీలాగే అప్పు చేసి ప్లాటర్ కొన్న ఒకాయన నిషేధం రోజుల్లో దాన్ని బోటు మీద నుంచి విప్పి, లుంగీలో చుట్టి, ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాడు. మే నెలలో అప్పిచ్చినవాళ్లు వచ్చి, ఆ లుంగీతో సహా పట్టుకెళ్లారు. ఆయన భార్య నా ముందు పరిచిన కుదువ రసీదులు ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నాయి.

అందుకే నెలకు కట్టగలనన్న ఆ 9,000ని మీ భార్య పేరున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. జూలై నుంచి ఏప్రిల్ వరకు పది వాయిదాలు, 90,000. దాదాపు నాలుగు నెలల ఇంటి ఖర్చు. నెల జీతం వచ్చేవాళ్లకు మూడు నెలలది చాలంటాను. మీకు చాలదు, ఎందుకంటే రెండు నెలలు నిషేధానికే పోతాయి, ఇంజిన్ ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. ఈ డబ్బు చీటీలో వేయకండి, వలలకు తీయకండి.

ప్రాణానికి సంబంధించిన వాటికి మాత్రం ఏడాది ఆగమని చెప్పను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకు ట్రాన్స్‌పాండర్ ఉచితంగా బిగిస్తున్నారు. ఆపదలో ఒడ్డుకు సందేశం పంపుతుంది, వాతావరణ హెచ్చరికలు అందిస్తుంది. రేపే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. అది ఉంటే 60,000 పెట్టి ఏఐఎస్ ఇప్పుడే అక్కర్లేదు. మీ కొటేషన్‌లోనే చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్ 14,000కు ఉంది. అయిదు వాట్లదే, 25 వాట్ల పెద్ద సెట్టంత దూరం పలకదు, అయినా ఆపదలో 16వ ఛానల్లో పిలవడానికి పనికొస్తుంది. వేట డబ్బు చేతికొచ్చిన వారమే అది కొనండి.

తర్వాత పెద్ద సెట్టు బిగించే రోజు వైరింగ్ ఖర్చు తగ్గించమని బేరమాడకండి. మాట్లాడేటప్పుడు అది అయిదారు ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే కలిపేస్తే అసలు అవసరమైనప్పుడు మూగబోతుంది. వేరే బ్యాటరీ, తగరం పూత ఉన్న రాగి వైరు, ఫ్యూజు అడగండి. టేపు చుట్టిన జాయింట్లు ఉప్పుగాలికి పచ్చబడి తెగిపోతాయి. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం వెళ్తుంది.

మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమాలో మీరూ కళాసీలూ పేర్లు నమోదు చేయించుకున్నారా? ప్రాణం పోతే 5 లక్షలు, ప్రీమియం మీరు కట్టక్కర్లేదు. బోటు బీమాలో కొత్త పరికరాలను విడిగా రాయించండి.

డీజిల్‌కు, వలలకు చేతిలో డబ్బు లేకపోతే మత్స్యకారులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. సకాలంలో కడితే వడ్డీ 4 శాతమే, 2 లక్షల దాకా హామీ అడగరు. దాంతో సౌండర్ కొనకండి.

వచ్చే జూన్ 15న మళ్లీ వేటకు వెళ్లేటప్పుడు ఆ డిపాజిట్‌లో ఎంత మిగిలిందో చూసి, అప్పటి సౌండర్ ధరతో నాకు రాయండి.