కొత్త కల్వర్టులో నీరు రాళ్ల కిందికి ఇంకిపోవడం గురించి

రోడ్డు కింద వాగు పారే పాత గొట్టం తీసి వెడల్పాటి కల్వర్టు వేసినా, వేసవిలో నీరు రాళ్ల కిందికి ఇంకిపోయి సాల్మన్ చేపపిల్లలు ఎగువకు వెళ్లలేకపోతున్నాయంటే, అడుగున పరచిన పెద్ద రాళ్ల సందులను పూడ్చే ఇసుక, ఒండ్రు చాలలేదనే అర్థం.

1. వాగులో పని చేసేందుకు అనుమతి ఉన్న కాలంలోనే, చేపలను జాగ్రత్తగా తరలించి, వాగును తాత్కాలికంగా పక్కకు మళ్లించండి.

2. రాళ్లను వీలైనంత లోతుకు తీసి, తిరిగి పలుచని పొరలుగా పరచండి. ప్రతి పొరపైనా ఇసుక, ఒండ్రు కలిసిన సన్న కంకర చల్లి, అది సందుల్లోకి దిగేలా నీటి ధారతో కడగాలి. పోసిన నీరు ఇంకకుండా పైనే పారేంతవరకు తరువాతి పొర వేయరాదు. చాలామంది వదిలేసేది ఈ పనినే, ఎందుకంటే వరద తెచ్చే ఒండ్రే సందులను పూడుస్తుందని వారి నమ్మకం. అయితే అందుకు ఏళ్లు పట్టవచ్చు, ఆలోగా చేపలకు దారి ఉండదు. కడిగిన బురద నీటిని వాగులోకి వదలక, పంపుతో తోడి గట్టు మీద ఇంకనివ్వండి.

3. తక్కువ నీరు ఒకేచోట పారేలా మధ్యలో సన్నని పాయ తీయండి.

4. వెడల్పు కూడా కొలవండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర మార్గదర్శకాల ప్రకారం, లోపలి అడుగుభాగం సహజమైన వాగును పోలి ఉండేలా కట్టే కల్వర్టులో ఆ అడుగుభాగం వెడల్పు, ఒడ్లు నిండుగా పారేటప్పటి వాగు వెడల్పుకు 1.2 రెట్లు, దానిపై మరో 2 అడుగులు ఉండాలి. అంతకన్నా బాగా ఇరుకైతే, పూడ్చిన ఇసుకను వరద మళ్లీ కోసుకుపోతుంది.