బ్రామ్స్ క్వింటెట్లలో ఏది గొప్ప?

ప్రశ్న: జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన పియానో క్వింటెట్, క్లారినెట్ క్వింటెట్ (ఐదుగురు కలిసి వాయించే రచనలు) రెండూ వింటున్నానండి. నాకు మొదటిదే నచ్చింది, బరంపురంలో ఉండే మా బావ మాత్రం రెండోదాని ముందు అది ఏపాటి అంటాడు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: నా ఓటు మీ బావగారికే, ఏమనుకోకండి. పియానోది కుర్రతనంలో రాసింది, ముందు 1862లో రెండు చెల్లోలతో (చెల్లో అంటే పెద్ద వయొలిన్ లాంటిది) ఒట్టి తీగవాయిద్యాలకి రాశాడు, కుదర్లేదు, తర్వాత రెండు పియానోలకి మార్చాడు, చివరికి 1864లో ఇప్పుడు మనం వినే రూపానికి తెచ్చాడు. ఆ మూడో భాగం మొదట్లో చెల్లో తీగ మీటుతుంటే గుండె దడదడలాడుతుంది, అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ క్లారినెట్ సంగతి వేరండి, 1890లో ఇంక రాయడం మానేద్దాం అనుకున్న మనిషి జర్మనీలోని మైనింగెన్ ఆర్కెస్ట్రాలో మ్యూల్‌ఫెల్డ్ అనే ఆయన క్లారినెట్ వాయిస్తుంటే విని మళ్ళీ కలం పట్టాడు, 1891లో ఇది వచ్చింది. మనకి క్లారినెట్ అంటే పెళ్ళి బ్యాండు మేళమేగా, అదే వాయిద్యం ఇంత మెల్లగా దిగులుపడగలదా అనిపిస్తుంది, రెండో భాగం మధ్యలో అయితే జిప్సీ పాటలా ఎక్కడికో ఎగిరిపోతుంది. రాత్రిపూట వినండి, ఆఫీసుకెళ్తూ బస్సులో వింటే ఏం ఎక్కదు. ఇంతకీ బ్రామ్స్‌దే 1861 నాటి జి మైనర్ పియానో క్వార్టెట్ (నలుగురు వాయించేది) ఆఖరి భాగం విన్నారా? దాని దగ్గర మీకూ మీ బావగారికీ గొడవ ఉండదనుకుంటా.