పాత పడవ వెనక పలక ఊగుతుంటే

మీ పాత ఫైబర్ పడవలో ఇంజను బిగించే వెనక పలక ఊగుతోందని, పగుళ్లకు పుట్టీ పెట్టి రంగు వేస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. లోపలి చెక్క కుళ్లి ఉంటే ఇంజను బరువంతా పలచని ఫైబర్ పొర మీదే పడుతుంది. నడినీటిలో ఊడితే ప్రాణాపాయం.

ముందు ఇంజను దించి, పలకంతా సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట శబ్దం మూగబోతుంది. అనుమానమున్న చోట లోపలి వైపు నుంచి సన్నని రంధ్రం వేయండి. పొడి రజను వస్తే అదృష్టమే. నల్లని తడి ముద్ద వస్తే చెక్క మార్చాల్సిందే.

బయటి పొరను కదపకుండా లోపలి పొర కోసి చెక్క తీసేయండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్ తెచ్చి, అంచులకూ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టించండి. పాలిస్టర్ రెజిన్ అనే మరో జిగురు చవకే గానీ చెక్కను అంత గట్టిగా పట్టుకోదు, ఇక్కడ పొదుపు వద్దు. నీరు దూరేది ఎక్కువగా బోల్టుల దగ్గరే. ఆ రంధ్రాలను కాస్త పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన కొలతకు తొలవండి.

చెన్నై ఎండకు డబ్బాలో కలిపిన ఎపాక్సీ చూస్తుండగానే వేడెక్కి గడ్డకడుతుంది. ఉదయం చల్లటి వేళ కొద్దికొద్దిగా కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకోండి. పూసిన ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డు తేలితే నీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది తర్వాతి పొర వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి జనవరి దాటాక మొదలుపెట్టండి.