జీతం పడ్డ రోజే తీసి పెట్టు

బాబూ,

మొదటి జీతం పడిందని విని చాలా సంతోషించాను. దేవుడికిచ్చే దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, పీఎఫ్ కోయకముందు లెక్క మీద తీయాలా, చేతికొచ్చిన దాని మీదా అని అడిగావు. చేతికొచ్చిన దాని మీదే మొదలుపెట్టు, చాలు. ఎంత అనేదానికంటే ఎప్పుడు తీస్తావు, ఎలా ఇస్తావు అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

మీ అమ్మమ్మ పొయ్యి పక్కన మూతి విరిగిన కుండ ఒకటి ఉండేది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యం కడిగేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం పెదాలు కదిపి, ఆ కుండలో వేసేది. కూలి పనులు లేని నెలల్లో ఆరుగురికి రెండు సోలలు కూడా లేని పూట పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ మానింది లేదు. వండాక మిగిలితే ఇద్దాం అనుకుని ఉంటే మా ఇంట్లో ఏనాడూ మిగిలేది కాదు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేవి, అక్కడినుంచి పాస్టరు గారింటికి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి. 1912 నుంచి 1945లో చనిపోయేదాకా దోర్నకల్ బిషప్‌గా ఉన్న అజరయ్య గారు కూడా కూలి చేసుకునే సంఘాలు తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేర్చుకోవాలని గట్టిగా చెప్పేవారు. పేదవాడి చేతిని కూడా ఇచ్చే చెయ్యిగా చూడటం ఎంత పెద్ద గౌరవమో ఆలోచించు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘంవాళ్లకి ఉత్తరంలో చెప్పిందీ ఇదే కదా. యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న విశ్వాసుల కోసం ఆదివారం ఆదివారం ఎవరి సంపాదన కొద్దీ వాళ్లు పక్కన పెట్టుకోండి, నేను వచ్చాక చందాలు పోగుచెయ్యొద్దు అన్నాడు. అందుకే జీతం పడ్డ రోజే వేరే అకౌంట్లోకి వేసెయ్, నెలాఖరుదాకా ఆగితే ఆ డబ్బు ఉండదు.

అయితే మీ నాన్న మందులు మాని కానుక వెయ్యొద్దు. కొర్బాను, అంటే ఇది దేవుడికి అర్పించేశాను అని చెప్పి తల్లిదండ్రుల్ని వదిలేసినవాళ్లని యేసుప్రభువే మందలించాడు. అప్పు చేసీ వెయ్యొద్దు. ఇంకొకటి, వెయ్యి పంపు, నూరంతలుగా తిరిగొస్తుంది అని ఫోన్లో చెప్పేవాళ్లని నమ్మకు, అలా ఇస్తే చీటీ కట్టినట్టే తప్ప కానుక ఇచ్చినట్టు కాదు. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదతనంలో ధారాళంగా ఇచ్చారని పౌలు రాశాడు గానీ, ఆ తర్వాత ధనవంతులయ్యారని ఎక్కడా రాయలేదు.

ఎలా ఇవ్వాలన్నది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. స్త్రీల సమాజం లెక్కలు నేను చూసే రోజుల్లో ఒక క్రిస్మస్‌కి బీద విధవరాళ్లకి చీరలు ఇచ్చాం. పేరు పేరునా ముందుకి పిలిచి, ఫోటో తీసి మరీ ఇచ్చాం. ఒకావిడ తల వంచుకుని వచ్చి తీసుకుంది, కొంగుతో మొహం సగం కప్పుకుంది. ఆ చీర ఆవిడ ఒంటి మీద నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పేర్లు పిలిచింది నేనే, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అప్పటినుంచి బైబిల్లోని పొలం యజమాని బోయజు గుర్తొస్తాడు. పేద విధవరాలు రూతు అతని పొలంలో పరిగె ఏరుకుంటుంటే, పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడెయ్యండి, ఆమెని ఏమీ అనకండి అని పనివాళ్లతో చెప్పాడు. తన చేత్తో తాను ఏరుకున్నట్టే ఇంటికి తీసుకెళ్లింది ఆ పిల్ల. ఇచ్చేవాడు అంత జాగ్రత్తగా ఉండాలి నాన్నా.

మీ హాస్టల్లో వంట చేసే ఆమె కొడుక్కి ఇంటర్ ఫీజు కట్టలేదని బాధపడ్డావు కదా. డబ్బు ఆమె చేతిలో పెట్టకు. మీ పాస్టరు గారికి ఇచ్చి, నీ పేరు చెప్పొద్దని చెప్పి కాలేజీలోనే కట్టించు. రసీదు కుర్రాడి పేరు మీదే ఉండాలి. గడువు 15వ తేదీ అన్నావు, ఈ ఆదివారమే మాట్లాడు.

మీ పెద్దమ్మ