ఫోన్‌లో సిగ్నల్‌ని శబ్దంతో వడగడతారా?

"ఫోన్‌కి వచ్చేది రేడియో సిగ్నల్ కదా, దాన్ని శబ్దంతో వడగట్టడమేంటి?" అని అడిగారు. నిజంగానే వడగడతారు. కాకపోతే అది వినపడే శబ్దం కాదు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఇది సెకనుకు వంద కోట్ల సార్లు వణికే వ్యవహారం.

గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే షాపులో ఒకసారి మైక్రోస్కోప్ కింద బోర్డు చూశాను. యాంటెన్నా దారిలో నువ్వుగింజలో సగం కూడా లేని ముక్కలు వరసగా ఉన్నాయి. అలాంటివాటిలోనే ఉంటాయి ఈ ‘సా’ ఫిల్టర్లు, అంటే సర్ఫేస్ అకౌస్టిక్ వేవ్ ఫిల్టర్లు. లోపల లిథియం టాంటలేట్ లాంటి స్ఫటికం, దాని మీద రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందుల్లో ఒకటి దూర్చినట్టు సన్నటి లోహపు గీతలు. వంటింటి గ్యాస్ లైటర్‌లో నొక్కితే కరెంటు పుడుతుంది చూశారా, ఇక్కడ దానికి తిరగేసి: కరెంటు ఇస్తే స్ఫటికం వణుకుతుంది. ఆ వణుకు పైపొర మీద అలలా పాకి, అవతలి గీతల దగ్గర మళ్లీ కరెంటవుతుంది. గీతల ఎడానికి సరిపోయిన ఫ్రీక్వెన్సీయే గట్టెక్కుతుంది.

ఇంత తిప్పలూ సైజు కోసమే. 1 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు 30 సెంటీమీటర్లు, పిల్లల స్కేలంత. స్ఫటికంలో అల సెకనుకు సుమారు 4 కిలోమీటర్లే నడుస్తుంది కాబట్టి ఆ పొడవు 4 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగింటికి, కుంచించుకుపోతుంది. పైపొర అలల లెక్క బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1885లోనే వేశాడు. దువ్వెన గీతలు వచ్చింది మాత్రం 1965లో.

సుమారు 2.5 గిగాహెర్ట్జ్ దాటితే గీతలు మరీ సన్నబడి తయారీ కష్టం. అందుకే అంతకంటే పై ఫ్రీక్వెన్సీ బ్యాండ్లకు ఎక్కువగా ‘బా’ ఫిల్టర్లు, అంటే బల్క్ అకౌస్టిక్ వేవ్ ఫిల్టర్లు వాడతారు. వాటిలో అల్యూమినియం నైట్రైడ్ పొర మందం పొడవునా వణుకుతుంది.