పరిహారం డబ్బు మీద నవల రాస్తున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. పొలం గట్టు మీద తాత, మనవడు మాట్లాడుకునే చోట రెండుసార్లు ఆగాను, అంత బాగా రాశావు. కానీ ఇంట్లోకి డబ్బు రాగానే కథ గాడి తప్పింది. చెక్కు వస్తుంది, కారు వస్తుంది, పెద్దకొడుకు తాగుడుకు దిగుతాడు, కొంప మునుగుతుంది. ఇది నీకు తెలిసిన మనుషుల కథ కాదు, డబ్బున్నవాళ్ల గురించి పదిమందీ చెప్పుకునే కథ. భూసేకరణ విభాగంలో ఇన్నేళ్లు కాగితాలు రాసినవాణ్ని కాబట్టి, ఆ డబ్బు ఎలా వస్తుందో, వచ్చేలోపు ఇంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. నీ నవలంతా అక్కడే ఉంది.

ముందు ఏడాది సంగతి. నీ కథ 2006లో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కింద భూమి పోయిన ఊళ్లో నడుస్తోంది. అలాంటప్పుడు ‘మార్కెట్ విలువకు రెట్టింపు ఇచ్చారు’ అని రాయకూడదు. విలువతో సమానంగా సొలేషియం, అంటే భూమిని బలవంతంగా తీసుకున్నందుకు విలువకు అదనంగా ఇచ్చే సొమ్ము, ఇవ్వడం 2013 చట్టంతో వచ్చింది, అది అమల్లోకి వచ్చింది 2014 జనవరి 1న. 2006లో ఉన్నది 1894 నాటి చట్టమే. సొలేషియం 30 శాతం. దానికి తోడు భూసేకరణ నోటిఫికేషన్ నాటి నుంచి అవార్డు (పరిహారం తేల్చి ఇచ్చే ఉత్తర్వు) దాకా, స్వాధీనం అంతకుముందే జరిగితే అప్పటిదాకా, విలువ మీద ఏడాదికి 12 శాతం.

ఇప్పుడు నీ వాళ్ల నాలుగెకరాలకు లెక్క వెయ్యి. ఎకరం 5 లక్షలు అనుకుంటే విలువ 20 లక్షలు. సొలేషియం 6 లక్షలు. రెండేళ్లు పట్టిందనుకుంటే అదనం 4 లక్షల 80 వేలు. మొత్తం 30 లక్షల 80 వేలు, బోరుకూ చెట్లకూ ఇచ్చేది వేరు. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, అయిదు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి ఆరు లక్షల చిల్లర. నువ్వు రాసిన మూడంతస్తుల మేడ ఈ డబ్బుతో లేవదు. ఊరు వాళ్లను ‘కోటీశ్వరులు’ అంటుంది, చేతిలో ఉన్నది ఇంతే. ఈ రెంటి మధ్య ఆ ఇల్లు ఎలా నలిగిందో రాయి.

ఆ 5 లక్షల విలువ కట్టిన తీరు కూడా వదలకు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అంతకుముందు నమోదైన దస్తావేజులు చూసి విలువ కడతారు. స్టాంపు ఖర్చు కలిసివస్తుందని చాలామంది కొన్న ధర కంటే తక్కువే రాయించుకునేవాళ్లు. తీరా భూమి పోయే వేళకు ఆ కాగితమే సాక్ష్యమయింది. అటు రోడ్డు వస్తోందని తెలిసి పక్క ఊళ్లో ధరలు పెరిగిపోయాయి. నాలుగెకరాలు పోగొట్టుకున్న రైతు ఆ డబ్బుతో అదే చుట్టుపక్కల ఒక్క ఎకరం కొనలేక తిరిగి వచ్చే సన్నివేశం నీ నవలలో లేదు. అది రావాలి.

చెక్కు తీసుకునే రోజును నువ్వు ఒక్క పేరాలో దాటేశావు. అక్కడ నిలబడి రాయాలి. అవార్డు ప్రకటించాక, ఆ మొత్తం చాలదనుకున్న రైతు సంతకం పక్కన ‘అభ్యంతరంతో తీసుకున్నాను’ అని రాయాలి. రాయకుండా తీసుకున్నవాడికి ఆ 1894 చట్టం 18వ సెక్షన్ కింద కేసును కోర్టుకు పంపమని అడిగే హక్కు ఉండేది కాదు. పట్టా ఇద్దరు కొడుకుల పేర్ల మీదా చెరి సగం ఉందనుకో. పెద్దవాడు ఎవరో చెబితే ఆ మాట రాశాడు. చిన్నవాడు ఆఫీసరుకు కోపం వస్తుందేమోనని భయపడి సంతకం మాత్రం పెట్టాడు. ఏళ్ల తరవాత కోర్టులో పెద్దవాడి సగానికి పరిహారం పెరిగిన రోజున ఆ అన్నదమ్ములు ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోగలరా? ఇక తాగుడు దేనికమ్మా?

అన్నిటికంటే బరువైన చోటు ఆడపడుచులది. నువ్వు వాళ్లను పెళ్లిళ్లకు వచ్చిపోయే చుట్టాల్లా రాశావు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా వచ్చిన సవరణ పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు కాదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. నీ నవలలో పెద్ద కూతురి పెళ్లి 1982లో, చిన్నదానిది 1990లో. ఇరవై ఏళ్లు ఒకరికి హక్కు లేదు, మరొకరికి ఉంది. ఇప్పుడు ఇద్దరికీ ఉంది. అన్నలు పండ్లూ చీరా పట్టుకుని, మాకు అభ్యంతరం లేదని రాసిన కాగితంతో వస్తారు. ఆడపడుచు సంతకం పెట్టనంటే వివాదం తేలేదాకా సొమ్ము కోర్టులో జమ అవుతుంది, ఎవరికీ రాదు. పెడితే పుట్టింటి గడప ఉంటుంది.

విచారణలో నేనొక ఆమెను చూశాను. పెన్ను అందుకుంది, మూత తీసింది, ‘బావి పక్క చింతచెట్టు లెక్కలో రాశారా?’ అని అడిగింది. జాబితా వెతికి చూపించాను. అప్పుడు సంతకం పెట్టి అన్న ముఖం వైపు చూడకుండా వెళ్లిపోయింది. అలాంటి మనిషికి నీ నవలలో ఒక అధ్యాయమైనా ఇవ్వు. ఇష్టంగా పెట్టిందో, విధిలేక పెట్టిందో పాఠకుడికి నువ్వు విప్పి చెప్పవద్దు.

భూమి పోయాక తండ్రి ఏం చేస్తాడో కూడా నువ్వు రాయలేదు. ఆ రోజుల్లో వ్యవసాయానికి కరెంటు విడతలుగా, తరచూ రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి పాతికేళ్లు అర్ధరాత్రి లేచినవాడికి పొలం లేకపోయినా ఆ వేళకే మెలకువ వస్తుంది. లేచి ఎక్కడికి వెళ్లాలి? వాళ్ల పొలంలో కూలికి వచ్చిన కుటుంబానికి పరిహారంలో పైసా రాలేదు. ఆ ఇంటివాళ్లు ఎదురుపడితే ఈయన ఏం మాట్లాడతాడు? ఇవి నువ్వు నాకంటే బాగా రాయగలవు.

డబ్బు పోవడానికి మనుషులు చెడిపోనక్కర్లేదని కూడా గుర్తుంచుకో. బుద్ధిమంతుడైన చిన్నకొడుకు 2007లో, శంషాబాద్ విమానాశ్రయం తయారవుతోందని, ఉన్నదంతా ప్లాట్ల మీద పెట్టాడనుకో. విమానాశ్రయం త్వరలో మొదలవుతుందని అతనికి చెప్పినవాడూ అబద్ధమాడలేదు. 2008 మార్చిలో విమానాలు ఎగిరాయి. ఆ ఏడాది చివరికి ప్రపంచమంతా మాంద్యం, ప్లాటు కొనేవాడు లేడు. తప్పు ఎవరిదని వేలు చూపించలేని చోట నీ పాత్రల మీద నాకు నమ్మకం కుదురుతుంది. వాళ్లను శిక్షించాలన్న ఆత్రం మానుకో. నాలుగు తరాలు ఎండలో మాడినవాళ్లు ఒక కారు కొనుక్కుంటే అది పాపమేమీ కాదు.

పాత అవార్డు నకలు ఒకటి సంపాదించు. సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్లు, హక్కుదారుల పేర్లు వరసగా ఉంటాయి. చదవడం కష్టమైతే ఆదివారం ఇంటికి రా, కూర్చుని చదువుకుందాం. వచ్చేటప్పుడు చిన్న కూతురి సంతకం అధ్యాయం రాసి పట్టుకురా. మిగతావి తరవాత చూద్దాం.

నీ మామయ్య