ఫుల్‌బ్యాక్‌గా ఆడమన్నారని దిగులు పడుతున్న మేనల్లుడికి

చిన్నా,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అండర్-18 జట్టులోకి తీసుకున్నారట, కానీ గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా కాదు, మన గోల్ ముందు కాపు కాసే ఫుల్‌బ్యాక్‌గా ఆడమన్నారట. అప్పట్నుంచీ నువ్వు ముఖం మాడ్చుకుని తిరుగుతున్నావట. వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి పడేసే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మెల్‌బోర్న్ పడమటి శివార్ల క్లబ్బుల్లో ఇన్నేళ్లుగా డిఫెన్స్ పిల్లలకి ట్రైనింగ్ ఇస్తున్నవాణ్ణి. నా మాట విను, ఆ చోటు వదులుకోకు.

నీ బాధ తెలియక కాదు. గోల్ కొడితే ఆరు పాయింట్లు, జనం లేచి అరుస్తారు, తోటివాళ్లు వచ్చి మీద పడతారు. ఏఎఫ్ఎల్ అనే పెద్ద లీగ్‌లో, సీజన్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి కోల్‌మన్ మెడల్ ఉంది. ఆపినవాడికి అలాంటిది లేదు. అంపైర్లు ఓట్లేసి ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ 1993లో ఎసెండన్ క్లబ్బు డిఫెండర్ గావిన్ వాంగనీన్‌కి దక్కింది. ఆ తర్వాత దాదాపు ఏటా మిడ్‌ఫీల్డర్లే పట్టుకుపోతున్నారు. ఈ పనిలో పేరు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానేరాదు. ముందే తెలుసుకుని దిగితే తర్వాత మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

అదే ఏడాది, ఆరో రౌండ్ సంగతి చెప్తాను. ఎంసీజీలో ఎసెండన్ మీద జీలాంగ్ ఫార్వర్డ్ గ్యారీ ఏబ్లెట్ సీనియర్ ఒక్కడే 14 గోల్స్ కొట్టాడు. అయినా మ్యాచ్ గెలిచింది ఎసెండన్. సెప్టెంబర్‌లో ప్రీమియర్‌షిప్ కూడా వాళ్లే ఎత్తుకున్నారు. నీ మనిషి, అంటే నువ్వు కాపు కాయాల్సిన ఫార్వర్డ్, నీ మీద నాలుగు గోల్స్ కొట్టిన రోజు ఇంటికెళ్లి గది తలుపు వేసుకునే ముందు ఈ మ్యాచ్ గుర్తు చేసుకో. ఫైనల్ గెలిచిన ఆ జట్టు డిఫెన్స్‌లో డస్టిన్ ఫ్లెచర్ అని 18 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు. అప్పటికింకా నీలాగే ఇయర్ 12 చదువుతున్నాడు. ఆ కుర్రాడే 2015 దాకా అదే క్లబ్బుకి ఆడి 400 మ్యాచ్‌లు పూర్తి చేశాడు. నలభయ్యో పడిలో కూడా అతనికి చోటు దొరికిందంటే కాళ్ల వేగం ఒక్కదానివల్లే కాదు. ఎక్కడ నిలబడాలో తెలియడంవల్ల.

ఆ నిలబడటం గురించే కాస్త వివరంగా రాస్తాను, నీకు ఇప్పుడు కావాల్సింది అదే.

నీ మనిషికీ గోల్‌కీ మధ్య నువ్వుండాలి, అర అడుగు తేడాతో. అతని కళ్లు చూడకు, భుజాలు చూడకు. వాటితో ఎంతైనా మోసం చెయ్యొచ్చు. నడుము చూడు. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. బంతి గాల్లోకి లేచాక మాత్రం నీ కళ్లు బంతి మీదే ఉండాలి, మనిషి ఎక్కడున్నాడో ఒంటికి తెలుస్తూ ఉండాలి. భుజం, తుంటి ఆనించు, చేతులు మాత్రం వీపు మీద పెట్టకు. కొద్దిగా తోసినా అంపైర్ ఈల వేస్తాడు. అతని చేతుల మీద కొట్టినా ఫ్రీకిక్కే. ఇక స్పాయిల్, అంటే అతను పట్టబోయే బంతిని చేత్తో కొట్టి చెదరగొట్టడం. అరచేత్తో తట్టే అలవాటు నీకుంది, చాలాసార్లు చూశాను. అది మానెయ్. పిడికిలి బిగించి, బొటనవేలు బయట పెట్టి, చెయ్యి పూర్తిగా చాచి, పిడికిలి బంతిని దాటి ముందుకు పోయేలా కొట్టాలి. ఎటు కొడుతున్నావో ముందే అనుకో. గోల్ ముందు నడిమధ్యకి కొట్టావంటే కింద కాచుకున్న చిన్న ఫార్వర్డ్ చేతికి నువ్వే ఇచ్చినట్టు. బౌండరీ వైపు కొట్టు. స్పాయిల్ చేసిన బంతి గీత దాటిపోతే తప్పు లేదు. అదే బంతి చేతిలోకి వచ్చాక కావాలని బయటికి తన్నితే మాత్రం ఫ్రీకిక్ ఇస్తారు. ఈ తేడా ఎంత పెద్ద మ్యాచ్‌లోనైనా, ఎంత అలసిపోయినా మరిచిపోకూడదు.

గోల్ గీత దగ్గర ఇంకో చిక్కుంది. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథోర్న్ డిఫెండర్లు జీలాంగ్ ఒత్తిడి తట్టుకోవడానికి బంతిని తమ గోల్ గీత దాటించి ఒక్కొక్క పాయింటు వదులుకుంటూ పోయారు, ఏకంగా 11 సార్లు. మ్యాచ్ వాళ్లే గెలిచారు. మరుసటి ఏడు నుంచి రూల్ మారింది. వెంట ఎవరూ తరమకుండా కావాలని అలా చేస్తే గోల్ ముందే ఫ్రీకిక్. కాబట్టి గీత దగ్గర కంగారు పడి బంతిని వెనక్కి తోసెయ్యకు. ముందు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో ఒక్క చూపు చూడు.

బిహైండ్ (ఆ ఒక్క పాయింటు) పడ్డాక కిక్-ఇన్ చేసేది, అంటే బంతిని తిరిగి ఆటలోకి తన్నేది, ఎక్కువగా నువ్వే. 2019 నుంచి బంతిని ముందు నీకు నువ్వు తన్నుకోవాల్సిన పని లేదు, గోల్ ముందు గీసిన గోల్ స్క్వేర్‌లోంచి నేరుగా పరుగెత్తి తన్నొచ్చు. నీ కుడికాలు బాగానే ఉంది. ఎడమకాలు చాలదు. ప్రాక్టీసు అయ్యాక అందరూ కార్లు ఎక్కుతున్నా సరే, నువ్వు ఉండి ఎడమకాలితో తన్ను.

ఇప్పుడు డిఫెండర్ పని ఆపడంతో అయిపోదు. 2018 గ్రాండ్ ఫైనల్ ఆఖరి నిమిషాలు ఎప్పుడైనా మళ్లీ పెట్టుకుని చూడు. వెస్ట్ కోస్ట్ కొద్ది తేడాతో వెనకబడి ఉంది, బంతి కాలింగ్‌వుడ్ వైపునుంచి వస్తోంది. వెస్ట్ కోస్ట్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ వచ్చి ఆ బంతిని గాల్లోనే అందుకుని మార్క్ పట్టాడు. అతనినుంచి తోటి ఆటగాడు వార్డీకి, అక్కణ్ణుంచి లియామ్ రయాన్‌కి, రయాన్ నుంచి డామ్ షీడ్‌కి. షీడ్ బౌండరీ పక్కనుంచి కొట్టిన గోల్‌తో వెస్ట్ కోస్ట్ 79-74తో గెలిచింది. టీవీలో వెయ్యిసార్లు చూపించేది షీడ్ కిక్కునే. నువ్వు మెక్‌గవర్న్‌నే చూడు. బంతి తన్నకముందే అతని అడుగు ఎటు పడిందో చూడు. నీ మనిషిని వదిలి ఎప్పుడు వెళ్లాలన్నది ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన తీర్పు. బంతి దాకా తప్పకుండా చేరగలననిపిస్తేనే వెళ్లు. సగం దూరం వెళ్లి ఆగిపోయావంటే రెండూ పోతాయి.

గొంతు గురించి ఒక మాట. పెద్దవాళ్ల ముందు గట్టిగా మాట్లాడకూడదని మనింట్లో నేర్పాం, నువ్వు చక్కగా నేర్చుకున్నావు. గ్రౌండ్‌లో అది పనికిరాదు. ఆటంతా ఎదురుగా కనబడేది వెనకున్న ఫుల్‌బ్యాక్‌కే. నీకన్నా పెద్దవాడైనా, కెప్టెన్ అయినా, వెనకనుంచి మనిషి వస్తుంటే పేరు పెట్టి అరిచి చెప్పాలి. సెలెక్టర్లు గోల్ వెనక నిలబడి వినేది ఇదే. మాట్లాడని డిఫెండర్‌ని పైకి తీసుకెళ్లడానికి వాళ్లు జంకుతారు.

ఎవరైనా రంగు గురించో, పుట్టుక గురించో మాట జారితే మాత్రం మింగేసి ఊరుకోకు. 1995లో ఎసెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్ ఊరుకోకుండా ఫిర్యాదు చేశాడు కాబట్టే లీగ్ దానికొక రూల్ పెట్టింది. అంపైర్‌కి చెప్పు, కోచ్‌కి చెప్పు, నాకు చెప్పు.

ఇక డ్రాఫ్ట్, అంటే ఏఎఫ్ఎల్ క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం. మీ నాన్నకున్న బెంగల్లా నవంబరు నెల గురించే. ఇయర్ 12 పరీక్షలూ డ్రాఫ్టూ ఇంచుమించు ఒకేసారి వచ్చి పడతాయి. చదువు పక్కన పెట్టెయ్యమని నేను చచ్చినా చెప్పను. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినా మామూలుగా ముందు ఇచ్చేది రెండేళ్ల కాంట్రాక్టు, ఆ తర్వాత ఏమిటన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. ఆసియా, ఆఫ్రికాల్లో పుట్టిన తల్లిదండ్రుల పిల్లల కోసం ఏఎఫ్ఎల్ క్లబ్బులకి నెక్స్ట్ జనరేషన్ అకాడెమీలున్నాయి. మీ అమ్మానాన్నలిద్దరూ పుట్టింది గుంటూరులో కాబట్టి నీకు ఆ దారి కూడా ఉంది. మీ కోచ్‌ని అడుగు, మొహమాట పడకు.

ఈ ఏడు పేరు పిలవకపోతే? జీలాంగ్ టామ్ స్టూవర్ట్‌ని చూడు. 18 ఏళ్లప్పుడు అతన్ని ఎవరూ తీసుకోలేదు. సౌత్ బార్వన్ అనే లోకల్ క్లబ్బుకి ఆడుతుంటే 2016 డ్రాఫ్ట్‌లో 40వ పిక్‌గా తీసుకున్నారు. అప్పటికి వయసు 23. రెండేళ్లు తిరక్కుండా, లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులో ఉన్నాడు. మెక్‌గవర్న్ కూడా, అసలు డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవాళ్లని తీసుకునే రూకీ డ్రాఫ్ట్‌లోంచి వచ్చినవాడే. డిఫెండర్లు ఆలస్యంగా పండుతారు, ఎందుకంటే ఒంట్లో బలం, ఆట చదివే బుర్ర, రెండూ కుదరాలి. నీ పొడవు ఇంకా పెరుగుతోంది. 18 ఏళ్లకే అంతా తేలిపోవాలని ఎవరన్నా వినకు.

ఒంటి విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగానే చెప్తాను. ఫుల్‌బ్యాక్ అంటే వెనక్కి పరుగెత్తుతూ గాల్లోకి ఎగరాలి, ఎదురుగా వచ్చేవాడు నీకు కనబడడు. తలకి దెబ్బ తగిలి కాసేపు మసకగా అనిపించినా సరే దాచకు. ఏఎఫ్ఎల్‌లో కంకషన్ (తలదెబ్బకి మెదడు అదరడం) అయినవాణ్ణి తొందరగా అంటే 12వ రోజుకి గానీ ఆడనివ్వరు, అదీ డాక్టర్ ఒప్పుకుంటేనే. ఫైనల్ ఉంది, సెలెక్టర్లు వస్తున్నారు అని నువ్వు ఏమీ లేదంటే నిన్ను కాపాడేవాడు ఉండడు. ఇందాక చెప్పిన మెక్‌గవర్న్ 2025లో ఆట మానేసింది కాళ్లు అలిసిపోయి కాదు. కంకషన్ల గురించి వైద్యుల బృందం ఇక వద్దని చెబితే మానాడు. రిచ్‌మండ్ ఫుల్‌బ్యాక్ అలెక్స్ రాన్స్ వరసగా ఐదేళ్లు ఆల్-ఆస్ట్రేలియన్ అయినవాడు, 2019 మొదటి రౌండ్‌లోనే మోకాలి లిగమెంటు తెగింది. ఆ ఏడు చివర్లో 30 ఏళ్లకే తప్పుకున్నాడు. నిన్ను భయపెట్టడానికి చెప్పడంలేదురా. దూకి కిందికి దిగేటప్పుడు మోకాలు ఎలా మడవాలో ఫిజియో నేర్పిస్తుంటే నవ్వుకుంటూ ఫోన్ చూసుకోకుండా ఉంటావని చెప్తున్నాను.

ప్రతి మ్యాచ్ తర్వాత ఒక నోటుబుక్కులో మూడు సంగతులు రాసుకో. నీ మనిషి నీ ముందు ఎన్ని మార్కులు పట్టాడు, నీ స్పాయిల్స్‌లో ఎన్ని బౌండరీ వైపు పోయాయి, నీ చేతిలోకొచ్చిన బంతుల్లో ఎన్ని మనవాళ్లకి చేరాయి. పేపర్లో పడే అంకెలతో నీకు పని లేదు. పది మ్యాచ్‌లయ్యాక ఆ పుస్తకం పట్టుకుని మీ కోచ్ దగ్గర కూర్చో. అప్పటికీ ఫార్వర్డ్‌గానే ఆడాలనిపిస్తే ఆయన్నే అడుగు, నేను అడ్డు చెప్పను.

మంగళవారం ప్రాక్టీసుకి నేనూ వస్తాను. అరగంట ముందే రా, స్పాయిల్స్ చేయిద్దాం, నీ మీదకి బంతులు నేనే తన్నుతాను. మౌత్‌గార్డ్ తెచ్చుకో. ఈలోగా మీ అమ్మ వండింది కడుపునిండా తిను, ఫోన్ చేసినప్పుడల్లా నీ తిండి గురించే చెప్తోంది.

నీ
మామయ్య